చేయి సోకని చోటులు

ప్రతిదినము తెల్లవారకముందే మనము వాకిలి యూడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుచున్నాము. శుక్రవారము వచ్చినచో గడపకు పసుపు రాచి కుంకుమబొట్టు పెట్టుచున్నాము. వీథిని బోవువారు చూచి ఈ యింటి యిల్లాలు శుచియైనదని మెచ్చుకొందురు. కాని వీథిని బోవువారు ఇంటి వెనుకకు రారు. పెరటిగోడకును కట్టెలమోపునకును నడిమి సందు, నూతిగట్టు చాటున నిలిచిన బురద, పశువులశాల మూల, చూరు క్రింది చీకటి, అటకమీది పగిలిన కుండలు - వీనిని చూచువారెవ్వరును లేరు. చూచువారు లేని చోట చేయి సోకదు. చేయి సోకని చోట జ్యేష్ఠాదేవి కాపురముండునని పెద్దలు చెప్పుదురు. ఆమె పరివారమునకు నేటి వైద్యులు దోమ యనియు, ఎలుక యనియు, నల్లి యనియు, తేలు అనియు పేరులు చెప్పుచున్నారు. ఇంతకన్న భేదము లేదు.

మైదానపు టిండ్లలో మన మెత్తని గచ్చునేలలను ఊడ్చు కొండచీపురు ఎక్కడిదో ఎన్నడైన ఆలోచించితిరా? తూర్పుకనుమల వాలులలో పెరుగు గడ్డికంకులను గిరిజన స్త్రీలు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు దెత్తురు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడిన గిరిజన సహకార సంస్థ వారు తేనె, చింతపండు, కుంకుడుకాయలతోపాటు ఈ చీపురులను గూడ కొని మైదానమున అమ్ముచున్నారు. మన యిండ్లను శుభ్రపరచు సాధనము నిచ్చు ఆ కొండలలో ఇండ్లెట్లుండునో, అచ్చటి యిల్లాండ్ర కష్టమేమో తెలిసికొనుట మన ధర్మము. మావారి యుపాధ్యాయవృత్తిని బట్టి అరకులోయ ప్రాంతమున కాపురముండు భాగ్యము నాకు కలిగినందున, చూచినదానిని, చదివినదానిని కలిపి మీతో మనవి చేయుచున్నాను.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. పూర్వము విశాఖపట్టణపు ఏజెన్సీలో చేరియుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేడు చేరియున్నది. జిల్లాకు ముఖ్యపట్టణము పాడేరు. చలికాలమున మంచును, కాఫీతోటలను, బొఱ్ఱా గుహలను చూడ వేలకొలది జనులు వచ్చి పోవుచుందురు. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియలు, పోర్జలు, గదబలు, కోదులు మొదలగు వారికి ఇదియే పుట్టినిల్లు. వారి పాత యిండ్లకు మట్టిగోడలు, గడ్డికప్పు లేక పెంకు, ముందు విశాలమైన అరుగు. ఆ గోడలను స్త్రీలు ఎఱ్ఱమట్టితో నునుపుగా నలికి, అడుగున వేఱొక రంగు పట్టీ తీర్చుదురు. పండుగనాటి ఆ గోడల నునుపును జూచినచో, మైదానమున సున్నము వేయించి యేడాదికొకసారి తలయెత్తి చూచు మనము సిగ్గుపడవలసినదే. శుచి యనునది అక్షరజ్ఞానముతో వచ్చునని తలచువారు ఒక్కసారి కొండయెక్కి రావలయును.

ఇంత శుచిగా నుండు ఇండ్లలో జ్వరమెందులకు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నా యుద్దేశము.

మన్యపు జ్వరము

చలితో వచ్చి, మంటగా మారి, దినము విడిచి దినము వచ్చు జ్వరమును మనవారు ఎంత పూర్వమో ఎఱుగుదురు. అథర్వవేదమున దీనిని 'తక్మ' మనిరి. మూడవనాడు వచ్చుననియు, వర్షఋతువులోను శరదృతువులోను వచ్చుననియు అందు చెప్పబడియున్నది. మన మన్యమునకు ఈ జ్వరము కోటగోడవంటిదై యుండెను. పైవారికెవ్వరికిని అచ్చట నిలుచుట దుస్సాధ్యము. 1879లో రంపపితూరీ నణచుటకు వచ్చిన సేనలును జ్వరమునకు గుఱియైనవి. సవరల భాష నేర్చుకొనుటకు కొండలకు పోయి, వారికై బడులు పెట్టించి, 1931లో వారి భాషకు వ్యాకరణము ప్రకటించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ జ్వరమువాతబడి, క్వినైను అధికముగా సేవించుటచే వినికిడి కోల్పోయిరి. పైవారు జ్వరము తగిలిన వెంటనే క్రిందికి దిగిపోగలరు. కొండమీదనే పుట్టి, అచ్చటనే కాపురము చేయు తల్లికి దిగిపోవు త్రోవ ఏది? గర్భిణికి ఈ జ్వరము వచ్చినచో రక్తము క్షీణించును, గర్భస్రావము కావచ్చును, పుట్టిన బిడ్డ బరువు తక్కువగా నుండవచ్చును. ఈ కొండలలో ఫాల్సిపారం అను తీవ్రజాతి మలేరియాయే ఎక్కువగా నుండినది. అది మెదడునకు బాధ కలిగించి ప్రాణము తీయగలదు.

ఇది చెడుగాలివలన వచ్చునని లోకము చిరకాలము నమ్మినది. మలేరియా యను ఇటాలియను మాటకు అర్థమే చెడుగాలి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు ఎనాఫిలిస్ జాతి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. నాటినుండి చూడవలసినది గాలివైపు కాదు, నీటివైపు అని తెలిసినది.

కొండదోమ

మైదానమున మనలను బాధించు దోమ మురుగుకాలువలో పుట్టును. కొండదోమ యట్టిది కాదు. దానికి మంచినీరు కావలయును. అరకు నానుకొని యున్న జయపురము, కోరాపుట్టు కొండలలో పరిశోధించిన వైద్యులు ఫ్లూవియాటిలిస్ అను ఎనాఫిలిస్ దోమయే అచ్చటి జ్వరమునకు ముఖ్యకారణమని నిర్ణయించిరి. ఇది నెమ్మదిగా పారు గెడ్డల అంచులలో, గడ్డిపోచలు నీటిపై వ్రాలిన చోట గ్రుడ్లు పెట్టును. జోరువానలో గెడ్డ పొంగినప్పుడు పిల్లపురుగులు కొట్టుకొనిపోవును. వాన తగ్గి, ప్రవాహము నెమ్మదించి, నీరు తేటపడినప్పుడు దోమ పెరుగును. అందుచేత కన్నులపండువుగా నుండు శరదృతువే జ్వరముల ఋతువు కూడ అగుచున్నది.

నీటిలోని పిల్లపురుగును జూచి జాతి గుర్తింపవచ్చును. తల క్రిందుగా వ్రేలాడునది సాధారణపు దోమపిల్ల. నీటిమట్టమున అడ్డముగా పడుకొన్నట్లుండునది ఎనాఫిలిస్ పిల్ల. ఇది నేర్చుకొనుటకు కన్నులు చాలును, పరికరము లక్కఱలేదు.

కావున మన యిల్లు అద్దమువలె నున్నను, గెడ్డయంచున గడ్డి పెరిగినచో జ్వరము రాగలదు. ఇంటికి ఎల్ల గోడ గాదు, గెడ్డ.

గోడ అలుకుట ఎప్పుడు?

ఇప్పుడు గోడ సంగతి చెప్పవలెను. ఇచ్చట ఒక వింత కలదు. ఈ దోమ మనుష్యుని కఱచిన పిదప తరచుగా ఇంటిలోపలి గోడమీద వ్రాలి విశ్రమించును. ఆ గోడపై మందుండినచో అది చచ్చును. 1939లో పాల్ ముల్లర్ డి.డి.టి. మందు పురుగులను చంపునని కనుగొనిన పిదప లోకమంతటను ఈ పద్ధతి వ్యాపించినది. మనకు స్వాతంత్ర్యము వచ్చినకాలమున దేశమున ఏటేట సుమారు 7½ కోట్లమందికి మలేరియా వచ్చుచు, 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనవి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు 1 లక్షకు దిగినది. జయము గలిగినదని శ్రద్ధ తగ్గగా 1976లో మరల 64 లక్షలకు పెరిగినది. ఊడ్చిన యిల్లు మరల ఊడ్వకున్న నేమగునో దేశమే చూపినది.

ఆ మందు గోడపై సుమారు రెండున్నర, మూడు నెలలు పనిచేయును. ఇప్పుడు పలుచోట్ల పైరిత్రాయిడ్ జాతి మందులు చల్లుచున్నారు. వానికిని గోడయే ఆధారము. సాధారణముగా వానలకు ముందొకసారి, వానకాలమున నొకసారి మందువారు వత్తురు. వానతుంపరలకు గోడలు చెడును. పిమ్మట కొఱ్ఱలు మొదలగు కొత్తపంటను దేవతకు సమర్పించు 'కొత్త' పండుగలు వచ్చును. పండుగకు గోడ అలుకకుండ నే యిల్లాలుండును? ఆమె చక్కగా ఎఱ్ఱమట్టి కలిపి నున్నగా అలుకును. మందు మట్టిక్రింద పడిపోవును. దోమ వచ్చి కొత్తమట్టిపై సుఖముగా కూర్చుండును!

చూచితిరా సోదరీమణులారా! ఇచ్చట లోపము సోమరితనము కాదు. ఇల్లాలి శ్రద్ధయే మందునకు మూతయైనది.

ఈ మాట మా పొరుగున నున్న ఒక ముసలమ్మతో చెప్పితిని. ఆమె చేతిలోని మట్టిముద్దను దింపక, "పంతులమ్మా, పండగొచ్చిన్నాడు గోడ అలక్కపోతే ఇల్లు ఏడుస్తాది. దేవతకి ఏం మొకం చూపిస్తాం?" అనినది. నేను ప్రత్యుత్తరము తోచక ఊరకుంటిని. ఆమెయే కొంతసేపు అలోచించి, "మందోళ్ళు ఎప్పుడొస్తారో ముందుగా చెప్పమను. ఆళ్ళొచ్చే ముందే మేం అలికేసుకుంటాం. ఆ మాట ఎవులూ చెప్పరు గదా" అనినది. పెద్దపుస్తకములలో వ్రాసిన నియమమును ఆ తల్లి అక్షరము రాకయే చెప్పినది. అలుకుట మానుమనుట ధర్మము కాదు. ముందు అలికి పిమ్మట మందు చల్లించుకొనుమనుట ధర్మము.

కావున మందు చల్లు దినము ఊరివారికి కనీసము వారము ముందుగా తెలియవలెను. ఆ లోపల లోపలిగోడలు అలికి ఆరనీయవలెను. మందు చల్లిన పిదప మూడు నెలలు లోపలిగోడలను, చూరు అడుగుభాగమును ముట్టరాదు. నేలను, వాకిలిని, మందుపడని బయటిగోడలను యథాప్రకారము అలుకుకొనవచ్చును. పండుగ శోభ వాకిట నిలుచును, మందు లోపల నిలుచును.

మందు చల్లునపుడు ధాన్యము, నీళ్ళకుండలు, వంటపాత్రలు, పసిపిల్లల పక్కలు బయట పెట్టవలెను. బయట పెట్టలేనివానిని నడుమ చేర్చి కప్పవలెను. గోడ ఆరువఱకు ఎవ్వరును లోపలికి పోరాదు. పిమ్మట నేల యూడ్చి, ఆ చెత్తను కోళ్ళు తినకుండ గోతిలో పూడ్చవలెను. కొందఱు పడకగదిని, ధాన్యపుగదిని, దేవుని మూలను విడిచి తక్కిన చోట చల్లుమందురు. ఆ విడిచిన గదిలోనే దోమ కాపురము పెట్టును.

దోమతెర విషయమును ఇట్టిదే. మందు పట్టించిన తెరలు మూడేండ్లవఱకు, సుమారు ఇరువది ఉతుకులవఱకు పనిచేయును. మాసినదని వారమువారము బండమీద బాది, సబ్బుకారముతో నుడికించి, ఎఱ్ఱటి యెండలో ఆరవేసినచో మందు పోయి వలమాత్రము మిగులును. మూడు మాసములకొకసారి మెత్తని సబ్బుతో చేత పిసికి నీడను ఆరవేయవలెను. ఆ నీటిని గెడ్డలో పోయరాదు, చేపలకు హాని.

నీరు నిలుచు చోటులు

గోడమీదను, తెరమీదను పడు అధికపు చేతిని కొంత తగ్గించితిమి గదా. ఆ చేతిని ఇప్పుడు సోకని చోటులకు త్రిప్పుదము.

గ్రుడ్డు దోమయై యెగురుటకు వేసవిలో వారము పదిదినములు పట్టును. కావున వారమునకొక్కసారి నీటిని పారబోసి, పాత్రను ఆరబెట్టినచో ఆ వంశము తెగును. ఆంధ్రదేశమున ఆరోగ్యశాఖ వారు ఇందులకు శుక్రవారమును నిర్ణయించిరి. ఎంత చక్కని నిర్ణయము! శుక్రవారము మనకు ముందే లక్ష్మీదేవికి ప్రియమైన దినము. గడపకు పసుపు రాచిన చేతితోనే వెనుకకు పోయి నీళ్ళగాబు, కుడితితొట్టి, కోళ్ళు త్రాగు చిప్ప, తులసికోట ప్రక్కనుండు చెంబు, పూలకుండీ క్రింది పళ్ళెము, మూలబడిన పగులుకుండ, కొబ్బరిచిప్ప, పాతటైరు - వీనిని దిమ్మరించి, లోపలి అంచును పీచుతో రుద్దవలెను. నీరు పారబోసినంతమాత్రమున చాలదు. డెంగూ జ్వరము తెచ్చు చారలదోమ గ్రుడ్లు పాత్ర అంచున అంటుకొని మాసములకొలది ఎండియుండి, నీరు తగిలిన వెంటనే పొదుగబడును. అందుచేత రుద్దుట ముఖ్యము.

నూతి ప్రక్క, బట్టలుతుకు బండ ప్రక్క నీరు నిలువకుండ చిన్న ఇంకుడుగుంత త్రవ్వి, రాళ్ళు నింపవలెను. ప్రక్కన అరటిపిలక నాటినచో నీరు వ్యర్థము కాదు. పశువుల గిట్టలగుంటలలో నిలుచు నీరు చూచుటకు అల్పముగా దోచును. ఎనాఫిలిస్ దోమకు అది తటాకము. మట్టి వేసి త్రొక్కినచో పని తీఱును.

ఊటనీరు త్రాగు ఊళ్ళలో ఊట చుట్టును కంప నాటి పశువులను రానీయకుండుట, పైవాలున మలవిసర్జనము మానుట జ్వరమునకే గాదు, వాంతిభేదులకును అడ్డుకట్ట.

కట్టెలమోపు, పెంటకుప్ప

వానకాలమునకై కొండయిండ్లలో కట్టెలు గోడకానించి పేర్చుదురు. ఆ మోపు క్రింద తేమ, తేమలో కప్పలు, వెనుక ఎలుకలు, ఎలుకల వెనుక పాములు - ఇది యొక చిన్న రాజ్యము. కట్టెలను గోడకు జానెడెడముగా, నేలకు మోకాలెత్తున రాళ్ళమీద గాని వాసములమీద గాని పేర్చినచో గాలి యాడును, చీపురు దూరును. కట్టె త్వరగా ఆరును గాన పొయ్యిలో పొగ తగ్గును. కన్నులకును ఊపిరికిని మేలు.

ఇంటి చుట్టునుండు పొదలలో ఎలుకలను ఆశ్రయించు సూక్ష్మమైన నల్లిజాతి పురుగు ఒకటి కలదు. దాని పిల్ల కుట్టినచో స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా సరిహద్దున సైనికులను బాధించినది ఇదియే. కుట్టినచోట, ముఖ్యముగా చంకలలోను, నడుముపట్టీ క్రిందను, గజ్జలలోను నల్లని పెచ్చు కట్టును. అయిదాఱు దినములు జ్వరము తగ్గక, మలేరియా లేదని పరీక్షలో తేలినప్పుడు ఇట్టి పెచ్చున్నదేమో తల్లియే వెదకి వైద్యునికి చెప్పవలెను. సకాలమున గుర్తించినచో సులభమైన మందుతో నయమగును, ఆలసించినచో ప్రాణాంతకము. అందుచేత గుమ్మమునుండి చుట్టును కొన్ని అడుగులమేర గడ్డి కోసి, నేల కనబడునట్లు చేయవలెను. గడ్డి కోసిన దినమున నిండుగా బట్టలు కట్టుకొని, పని ముగిసిన వెంటనే స్నానముచేసి బట్టలు మార్చవలెను.

పెంటకుప్పను ఇంటికి దూరముగా గోతిలో వేసి, పైన మట్టి కప్పుచుండినచో ఈగలు తగ్గును, పొలమునకు మంచి యెరువగును. గోడ పగుళ్ళను తేళ్ళు ప్రవేశింపకమున్నే పూడ్పవలెను; ఈ పనికి అలుకుటకన్న మేలైన ఉపాయము లేదు. నేలమీద పండుకొనువారు తెర అంచులను చాప క్రిందికి దోపుకొనవలెను. రాత్రివేళ దిరుగు కట్లపాము కాటు పలుమాఱు నొప్పి తెలియనీయదు. చాపక్రింద దోపిన తెర దోమను, దానిని గూడ ఆపును.

ఎవరి పని?

ఇంతవఱకు చదివి మీలో కొందఱు, "ఇంటిలోని పనికే ప్రొద్దు చాలదు, ఇక గెడ్డయొడ్డు గడ్డి కూడ మేమే కోయవలెనా?" అని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కొండయిల్లాలు నీళ్ళు మోయును, కట్టెలు తెచ్చును, వరినాట్లు వేయును, సంతకు కావడిబరువు నెత్తిన పెట్టుకొని నడచును. ఇంటి ముందుభాగము ఆమెది, వెనుకభాగము ఎవరిదియు గాదు అను ఏర్పాటువలన వచ్చిన కీడే యిది. గెడ్డ ఊరందఱిది, కావున దాని యొడ్డు పని ఊరందఱిది కావలెను. పదునైదు దినములకొకసారి పురుషులు కొడవళ్ళతో దిగి, ఊరి మేర గెడ్డ అంచుల గడ్డి కోసి, అడ్డుపడిన రాళ్ళు కదల్చి నీరు జోరుగా పారనిచ్చినచో, ఆ పని ఒక పూటలో ముగియును. బడిపిల్లలకు అడ్డముగా పడుకొను దోమపిల్లను చూపినచో వారే ఇంటింటికి వేగులవారగుదురు. మన పొరుగుననున్న సింహళము ఒకప్పుడు మలేరియాతో తల్లడిల్లిన దేశము. 2016లో అది మలేరియారహిత దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. మన దేశమును 2030 నాటికి ఆ స్థితిని చేరవలెనని సంకల్పించినది. చివర మిగులునది కొండలే. కొండలలో జయింపనిదే దేశము జయింపదు.

ఇన్ని చేసినను జ్వరము రావచ్చును. వచ్చినచో మూడుదినములు చూతమనుకొనరాదు. ఊరిలోని ఆశాకార్యకర్త యొద్ద వ్రేలినుండి బొట్టు రక్తము తీసి ఇరువది నిమిషములలో ఫలితము చెప్పు పరీక్ష కలదు. మలేరియా యని తేలినచో ఇచ్చిన మాత్రలను, జ్వరము తగ్గినను మానక, చివరివఱకు వేసికొనవలెను. గర్భిణులును, పసిబిడ్డల తల్లులును ఒక్క పూటయైన ఆలసింపరాదు.

శుచి యనగా ఒకేచోటను మరల మరల రుద్దుట కాదు. ఎచ్చట చేయి పెట్టవలెనో, ఎచ్చట కొంతకాలము చేయి తీయవలెనో, ఏ పనికి పదిచేతులను పిలువవలెనో తెలియుటయే శుచి. మైదానమున నున్న సోదరీమణులకును ఇదియే నా మనవి. ఈ శుక్రవారము గడపకు పసుపు రాచిన పిదప ఒక్క అరగడియ ఇంటివెనుకకు నడచి, మీ చేయి ఎన్నినాళ్ళుగా సోకలేదో ఆ చోటులను లెక్కింపుడు. ఒక్కరే పోవలదు, ఇంటిలోని మగవారిని, పిల్లలను వెంటబెట్టుకొని పొండు.